కొక్కేనికి చొక్కా

పంజాగుట్ట,
6 జనవరి 2025.

నజీరుద్దీన్ గారికి,

నమస్కారం. నా పేరు మంజూష. మీకు నేను తెలియదు. అమీర్‌పేట వెనక నాలా పక్కనున్న మురుగునీటి ప్లాంటును పెంచి కట్టడానికి ప్లాను గీస్తున్న ఆఫీసులో ఇంజనీరుని. మీ నంబరు దొరికితే మొన్న ఫోన్ చేశాను. మీ అమ్మాయి అర్షియా ఎత్తింది. "అబ్బాకు వినబడది మేడం. ఫోన్ల మెసేజ్‌లు సుత చూడడు. ఉత్తరం రాస్తే మాత్రం పదిసార్లు చదువుతడు" అంది. నేను ఆఖరిసారి ఉత్తరం రాసింది ఏడో తరగతి పరీక్షలో, జ్వరమొచ్చింది సెలవివ్వమని హెడ్మాస్టరు గారికి. అందుకని తప్పులుంటే మన్నించాలి.

మీరు అక్కడ ఇరవై తొమ్మిదేళ్లు గేటు ఆపరేటరుగా చేశారట. మీరున్నప్పటి నీళ్లకీ ఇప్పటి నీళ్లకీ పోలికే లేదండి. మైత్రీవనం చుట్టూ సందుకి ఇరవై హాస్టళ్లు. పొద్దున్న ఆరింటికి అందరూ ఒక్కసారే స్నానాలకి లేస్తారు, ఏడింటికల్లా మా ట్యాంకులు పొంగిపోతాయి. అందుకని అన్నీ రెట్టింపు చేస్తున్నాం. లైన్లన్నీ మొట్టమొదట వచ్చి పడే పాత బావిని తప్పించి పక్కనే కొత్తది తవ్వుతాం. మే మొదటి వారంలో పాత బావిని కాంక్రీటుతో నింపేస్తాం.

ఆ బావి డ్రాయింగు సగం చెదలు తినేశాయి. లోతెంతో, లోపల పక్కదారులు ఏమైనా ఉన్నాయో మీరే చెప్పాలి. ఇంకొక చిన్న సంగతి. బావిలోకి నీళ్లు వదిలే గేటు చక్రం పైన ఒక ఇనుప కొక్కెం వెల్డింగ్ చేసి ఉంది. అది దేనికో ఇప్పుడున్న ఆపరేటరు దుర్గేష్‌కి తెలియదు. నా డ్రాయింగులో ప్రతిదానికీ పేరుండాలి.

పెద్ద సంగతి ఆఖర్న రాస్తున్నాను. భూలక్ష్మి అనే ఆవిడ బోరబండ నుంచి వెతుక్కుంటూ మా ఆఫీసుకొచ్చింది. అరవై ఏళ్లుంటాయి. లిఫ్టు ముందు నేల మీద కూర్చుని, నేను బయటికొచ్చేదాకా లేవలేదు. ఆవిడ భర్త కనకయ్య మీ ప్లాంటులో బావి శుభ్రం చేసే పని చేసేవాడట. 1999 ఆగస్టులో డ్యూటీకని వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదట. రిజిస్టరు తీయించి చూశాను. 'పని వదిలి పారిపోయాడు' అని ఉంది. ఇరవై ఆరేళ్లుగా బస్తీ అంతా ఇంకో ఆడదానితో పోయాడని అంటోందట. "బావి మూసే ముందుగాల ఒక్కపారి లోపల చూడుండ్రి మేడం. నా పెనిమిటి నన్నిడిశిపెట్టి పోయిండంటె నేను నమ్మ" అంది. చూస్తానని మాటిచ్చేశాను. ఇచ్చాక తెలిసింది, నింపేశాక మళ్లీ చూడ్డమంటూ ఉండదని.

రిజిస్టరులో ఆ మాట కింద సాక్షి సంతకం మీది. కనకయ్య మీకు గుర్తున్నాడా?

ఇట్లు,
మంజూష.


జహీరాబాద్,
17 జనవరి.

మంజూష మేడం గారికి నజీరుద్దీన్ సలాములు.

మీ ఉత్తరం చూసి మా అర్షియా నవ్వింది, అబ్బాకు కూడా పంజాగుట్ట నుంచి చిట్టీలు వస్తున్నాయని. నా భార్య వజీరున్నీసా పోయి నాలుగేళ్లయింది. అప్పటి నుంచి నాతో ఇంత పొడుగు మాటలు మాట్లాడిన మనిషి మీరే. చెవులు పోయాయి కదా, అందరూ చేతులు ఊపి పని కానిచ్చేస్తారు. ట్యాంకుల్లోకి గాలి కొట్టే బ్లోవర్ల గదిలో, ఆ హోరులో అన్నేళ్లు కూర్చుంటే చెవులు మిగలవు, అందులో వింత లేదు.

బావి లోతు ఇరవై రెండు అడుగులు. గేటు తెరవాలన్నా మూయాలన్నా చక్రం ఇరవై చుట్లు తిప్పాలి. గోడకు ఇనుప మెట్లుంటాయి. పక్కదారులు నాకు తెలిసి లేవు.

కొక్కెం సంగతి చెబుతాను, మీ డ్రాయింగులో రాసుకోండి. బావిలోకి మనిషి దిగాలంటే ముందు గేటు మూసి, తన చొక్కా విప్పి ఆ కొక్కేనికి తగిలించి దిగుతాడు. చొక్కా ఉన్నంతసేపు చక్రం మీద ఎవడూ చెయ్యి వేయకూడదు. బోర్డులు, తాళాలు అప్పుడు లేవు. ఉన్నా మాలో సగం మందికి చదువు రాదు. చొక్కా ఉంటే మనిషి లోపలున్నట్టు, లేకుంటే పైకొచ్చినట్టు. లోపలున్నవాడికి ఏదైనా కష్టమొస్తే గడ్డపారతో గోడ మీద మూడు దెబ్బలు కొట్టి ఆగి, మళ్లీ మూడు కొడతాడు. నాకంటే ముందువాళ్లు పెట్టిన కట్టుబాటు అది. మస్తు మంచి కట్టుబాటు.

కనకయ్య పనిమంతుడు. పోయాడు. ఇరవై ఆరేళ్ల కింది మాట, అంతకంటే నాకు గుర్తు లేదు. మనిషి మనసు ఎటు తిరుగుతుందో భార్యకు మాత్రం ఏం తెలుస్తుంది? బావి అడుగున బురద తప్ప ఏమీ ఉండదు. చూడ్డానికి టైం పాడు చేసుకోకండి, నింపేయండి. ఆమెకు కూడా అదే చెప్పండి.

దుఆలతో,
నజీరుద్దీన్.


పంజాగుట్ట,
11 ఫిబ్రవరి.

నజీరుద్దీన్ గారికి,

మీ కొలతలు బంగారంలా సరిపోయాయి. థాంక్సండి. కానీ ఈ ఉత్తరం కొలతల గురించి కాదు. ఎవరికైనా చెబితే సెలవు పెట్టి ఇంటికెళ్లి పడుకోమంటారు. మీరు ఊళ్లో లేరు కాబట్టి మీకు రాస్తున్నాను.

జనవరి ఆఖరి నుంచి బావి ముందు కాలవలో నీళ్లు కొలిచే మీటరు పెట్టించాం. రోజంతా ఎన్ని నీళ్లు వస్తున్నాయో తెలియకుండా కొత్త బావి సైజు తేల్చలేం. గురువారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి మీటరు సున్నా అయింది. పదకొండు నిమిషాలు సున్నాలోనే ఉంది. మీటరు పాడయిందనుకున్నాను. శనివారం మళ్లీ అదే. సోమవారం నేనే వెళ్లి కూర్చున్నాను.

దుర్గేష్ ట్యాంకు దగ్గర నీళ్లు చిమ్మి చొక్కా తడుపుకున్నాడు. విప్పి, పిండి, ఆ కొక్కేనికి తగిలించాడు. నా కళ్ల ముందే బావిలో పడే నీళ్లు ఆగిపోయాయి. అమీర్‌పేట మొత్తం మురుగు అండీ, ఒక్క చుక్క రాలేదు. ఆ హోరుకు అలవాటుపడిన చెవులకి హఠాత్తుగా ఏమీ వినిపించకపోతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆగిన నీళ్లు వెనక్కి ఎక్కి రోడ్డు మీద మ్యాన్‌హోళ్లు పొంగాలి కదా? పరిగెత్తి చూశాను. పొంగలేదు. ఎక్కడివి అక్కడే నిలబడి ఉన్నాయి. దుర్గేష్ ఏమీ పట్టనట్టు చొక్కా తీసి వేసుకున్నాడు. నీళ్లు వచ్చాయి.

గేటు తెరిచినది తెరిచినట్టే పదేళ్ల కింద తుప్పు పట్టి బిగిసిపోయింది. ఆ చక్రాన్ని నలుగురు కలిసి తిప్పినా కదలదు. మర్నాడు నేనే పరీక్ష చేశాను. నా చున్నీ తగిలించాను, ఆగలేదు. కొత్త చొక్కా కొని మడతలతోనే తగిలించాను, ఆగలేదు. దుర్గేష్ పొద్దుట్నుంచీ వేసుకున్న చొక్కా తగిలించగానే ఆగింది. అతనికి ఇందులో భయం లేదు. "మంచిదే గద మేడం, ఎవలో మనకోసం నీళ్లు పట్టుకుంటుండ్రు" అన్నాడు. నేను మాత్రం నిజంగా భయపడ్డాను.

నివేదికలో కారణం అనే గడిలో 'మీటరు లోపం' అని రాశాను. పదేళ్ల ఉద్యోగంలో నేను రాసిన మొదటి అబద్ధం.

చొక్కా కట్టుబాటు నాకు చెప్పింది మీరు. ఇలా మీ రోజుల్లో కూడా జరిగేదా?

మంజూష.


జహీరాబాద్,
20 ఫిబ్రవరి.

మేడం గారికి,

దుర్గేష్‌ను ఆ కొక్కేనికి ఏదీ తగిలించవద్దనండి. కొక్కేన్ని కోయించి పారేయండి. మే దాకా ఆగడం ఎందుకు, ఈ నెలలోనే బావి నింపేయండి. కొత్త బావి అయ్యేదాకా పంపులు పెట్టి నీళ్లు తోడుకోవచ్చు, మీకు తెలియనిది కాదు.

నా తబియత్ బాగాలేదు. ఇక ఉత్తరాలు రాయలేను.

నజీరుద్దీన్.


పంజాగుట్ట,
3 మార్చి.

నజీరుద్దీన్ గారికి,

మీ ఆరోగ్యం ఎలా ఉంది? అర్షియాని అడిగాను. నిక్షేపంగా ఉన్నారంది, రంజాన్ రోజాలు కూడా మొదలుపెట్టారంది. కాబట్టి సూటిగా అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. తెచ్చుకున్నా ఫర్వాలేదు, నాకూ కోపంగానే ఉంది.

1999 ఆగస్టు షిఫ్టు పుస్తకం బీరువా అడుగున దొరికింది. కనకయ్య 'పారిపోయిన' రోజున మూడూ పదికి 'గేటు తెరిచాను' అని మీ దస్తూరీతో ఉంది. అంటే అంతకుముందు గేటు మూసి ఉంది. ఎవరైనా లోపలికి దిగితేనే మూస్తారని మీరే రాశారు. ఎవరు దిగారు? ఆ తర్వాత మూడు రోజులూ రెండో బ్లోవర్ కూడా నడిపినట్టు ఉంది. అప్పుడు మీకు పనిచేసే ట్యాంకు ఒక్కటే. ఒక ట్యాంకుకి రెండు బ్లోవర్లు ఎందుకు నడిపారు?

నిన్న భూలక్ష్మి మళ్లీ వచ్చింది. ఈసారి నన్నేమీ అడగలేదు. కుర్చీ వేస్తే కూర్చుని, వాళ్ల పెళ్లైన కొత్తలో కనకయ్య ఒంటికున్న కంపు పోవడానికి నిమ్మకాయ చెక్కలతో వీపు తోమేదాన్నని చెప్పింది. "గట్ల తోమిచ్చుకున్నోడు యాడికి పోతడు మేడం" అంది. దానికి జవాబు మీ దగ్గర ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మే అయిదున కాంక్రీటు లారీలు వస్తాయి. ఆ తర్వాత ఆవిడకి జవాబిచ్చేవాళ్లు ఈ భూమ్మీద ఎవరూ ఉండరు.

మంజూష.


జహీరాబాద్,
14 మార్చి. శుక్రవారం.

మంజూష బిడ్డకు,

రోజా పట్టిన నోటితో అబద్ధం చెప్పకూడదు. చేత్తో మాత్రం ఎలా రాస్తాను? పది రోజులుగా మీ ఉత్తరం నమాజు చాప కింద పెట్టుకుని తిరుగుతున్నాను. ఇవాళ రాస్తున్నాను.

ఆ రోజు గేటు అడుగున గుడ్డపేలికలు చిక్కుకున్నాయి. కనకయ్య రెండున్నరకు గేటు మూసి, చొక్కా తగిలించి దిగాడు. ముందు షిఫ్టువాడు నేను వచ్చేదాకా ఆగకుండా ఇంటికి వెళ్లిపోయాడు. మా వజీరున్నీసా నాకంటే ముందే వచ్చింది, నాకు టిఫిన్ డబ్బా తెచ్చింది. అప్పుడే వాన అందుకుంది. కొక్కేనికి ఎవరిదో చొక్కా తడుస్తోందని తీసుకుపోయి బ్లోవర్ గదిలో పెట్టింది. ఆమెకు మా కట్టుబాటు తెలియదు. ఇంట్లో ఏనాడూ చెప్పలేదు, చెప్పాలని నాకు తట్టలేదు.

నేను వచ్చేసరికి కొక్కెం ఖాళీగా ఉంది. పైన రోడ్ల మీద నీళ్లు, గేటు తెరవమని ఆఫీసు నుంచి ఫోను మీద ఫోను. ఇరవై చుట్లు తిప్పాను. నీళ్లు లారీ బోల్తాపడ్డట్టు పడ్డాయి. గదిలోకి వెళితే ఆమె ఆ చొక్కాకు ఊడిన గుండీ కుడుతోంది. దారం పంటితో తెంపి, "ఎవరిదో పాపం, గుండీ లేదు" అంది.

నేను ఆమెను ఇంటికి పంపేశాను. ఏమీ చెప్పలేదు. చనిపోయేదాకా చెప్పలేదు. చక్రం దగ్గర నిలబడ్డాను కానీ మూయలేదు. అన్ని నీళ్లు మీద పడ్డాక మనిషి ఉంటాడా? మూస్తే శవం బయటపడుతుంది, నా నౌకరీ పోతుంది, అర్షియాకు అప్పుడు నాలుగేళ్లు. ఇదే ఆలోచించాను, దాచను. మర్నాడు సూపర్‌వైజర్ కనకయ్య ఏడని అడిగితే, పోయాడన్నాను. ఆయన రాశాడు, నేను సంతకం పెట్టాను.

సంతకం పెట్టిన ఆ మధ్యాహ్నమే మొదలైంది. బ్లోవర్ గది నేల కింద నుంచి మూడు దెబ్బలు. ఆగి, మళ్లీ మూడు. మా గుర్తే. చచ్చినవాడు పిలుస్తున్నాడనుకున్నాను. దయ్యాలు దగ్గరికి రాకుండా ఆయతుల్ కుర్సీ చదివాను. దర్గాకు పోయి తాయెత్తు తెచ్చి తలుపుకు కట్టాను. ఆగలేదు. వినబడకుండా రెండో బ్లోవర్ కూడా వేశాను. రెండూ నడుస్తున్నా కాళ్లకు తెలిసేది. మూడు రోజులు. నాలుగోనాడు ఆగిపోయింది, నా దుఆ కబూలైంది, అల్లా విన్నాడని ఏడ్చాను. ఆ నెల నుంచే చెవులు మూసుకుపోవడం మొదలైంది. డాక్టరు బ్లోవర్ల వల్ల అన్నాడు. కాదని నాకు తెలుసు.

మీకు దుర్గేష్ చొక్కాతో జరిగింది నాకు ఏ ఇంట్లో ఉన్నా జరుగుతుంది. నా చొక్కా మేకుకు తగిలిస్తే చాలు, ఇంట్లో తూము నీళ్లు కదలకుండా నిలబడిపోతాయి. అందుకే ఇరవై ఆరేళ్లుగా చొక్కాలు మడిచి పరుపు కింద పెట్టుకుంటాను. అబ్బాకు పిచ్చి అని అర్షియా నవ్వుతుంది.

వాడు అక్కడే ఉన్నాడు బిడ్డా. చొక్కా చూస్తే నీళ్లు ఆపుతున్నాడు. నేను చూడకుండా తెరిచాను, వాడు చూసి ఆపుతున్నాడు. మీరు పోలీసులకు చెప్పినా సరే.

పాపి, గునహ్‌గార్,
నజీరుద్దీన్.


పంజాగుట్ట,
9 ఏప్రిల్.

నజీర్ చాచాకి,

చాచా అనొచ్చో లేదో తెలియదు. మీ ఉత్తరం చదివి రెండు రోజులు ఆఫీసుకి వెళ్లలేదు. మిమ్మల్ని తిట్టాను, పైకే తిట్టాను. మధురానగర్‌లో మా పక్కింటావిడ తొంగి చూసింది కూడా. తర్వాత ఎందుకో మీ ఆవిడ గుండీ కుట్టడం గుర్తొచ్చి ఏడ్చాను. తర్వాత పనిలో పడ్డాను.

మనుషుల్ని దింపలేదు. ఇప్పుడు తాడుకి కట్టి వదిలే కెమెరా ఉంది. కాకపోతే నీళ్లు పడుతుంటే దాంతో ఏమీ కనబడదు. అందరూ ఎలా ఆపాలని తల పట్టుకుంటే దుర్గేష్ నా వైపు చూశాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. నాలుగు గంటలు, చాచా. అమీర్‌పేట నీళ్లన్నీ నాలుగు గంటలు నిలబడ్డాయి. ఉన్న నీళ్లు పంపుతో తోడి కెమెరా వదిలాం.

కనకయ్య దొరికాడు. విరుచుకుపడ్డ నీళ్లలో ఒక్క క్షణంలో అయిపోయి ఉంటుంది, పెద్దగా కష్టపడి ఉండడు. పోలీసులు వచ్చి పంచనామా రాసి తీసుకెళ్లారు. మీ ఉత్తరం నా దగ్గరే ఉంది, ఇంకా ఎవరికీ చూపించలేదు. మర్నాడు దుర్గేష్ చొక్కా మళ్లీ తగిలించి చూశాం. నీళ్లు మామూలుగా పడుతూనే ఉన్నాయి.

దొరికాడని మాత్రమే భూలక్ష్మికి చెప్పాను. ఎలా పోయాడో మీరే వచ్చి చెప్పాలి. ఆ మాట నా నోటితో చెప్పడం న్యాయం కాదనిపించింది.

మంజూష.


జహీరాబాద్,
16 ఏప్రిల్.

బిడ్డా,

ఎన్ని అడుగుల ఎత్తులో దొరికాడు?

ఆ బావిని ఇరవై తొమ్మిదేళ్లు నడిపాను. నీళ్లు పడే చోట కుక్క పిల్ల ఎముక కూడా మిగలదు, కొట్టుకుపోయి చెత్త ఆపే ఇనుప జాలీలో పడుతుంది. ఇన్నేళ్లు ఉన్నాడంటే నీళ్లు తగలని చోట ఉన్నాడు. మీరు ప్రతిదీ కొలిచి రాసే మనిషి. ఆ ఒక్కటీ రాయలేదు. నా మీద జాలి పడకండి, అంకె రాయండి.

నజీరుద్దీన్.


పంజాగుట్ట,
23 ఏప్రిల్.

చాచా,

పదిహేడు అడుగులు.

మీకు తెలియని పక్కదారి ఒకటి ఉంది, నీళ్ల ధార వెనక ఉండడంతో పైనుంచి కనబడదు. బావి కట్టినప్పుడు మొదలుపెట్టి వదిలేసిన సొరంగం, పన్నెండు అడుగుల పొడుగు. అవతలి చివర ఇటుకలతో మూసేశారు. డ్రాయింగులో చెదలు తిన్నది సరిగ్గా ఆ ముక్కే. అది బ్లోవర్ గది కిందకి వస్తుంది. దాని నేల బావి అడుగు నుంచి పదిహేడు అడుగుల మీద ఉంది. గోడ మీద నీళ్ల మరక పదిహేను దాటలేదు. పై కప్పులో గాలి వచ్చే సందు కూడా ఉంది. కనకయ్య నీళ్లతో పాటు పైకి తేలి అందులోకి ఎక్కాడు. బావి మెట్లకి, అతనికి మధ్య ఆ నీళ్ల ధార పడుతూ ఉంది.

పక్కన గడ్డపార దొరికింది. కప్పు ఇటుక అరచేయంత లోతు అరిగి ఉంది.

పోయిన ఉత్తరంలో మీకు అబద్ధం రాశాను. మొదటి అబద్ధం మీటరు మీదికి తోశాను, రెండోది మీ మీద ప్రేమ మీదికి తోశాను. ఇంక రాయను. ఆ మూడు రోజులూ మీరు విన్నది చచ్చిపోయిన మనిషిని కాదు.

మంజూష.


బోరబండ,
4 మే. మధ్యాహ్నం.

బిడ్డా,

ఇక్కడ భూలక్ష్మి ఇంటి గడప మీద కూర్చుని రాస్తున్నాను. అర్షియాకు అంతా చెప్పి, ఆమెను తోడు తీసుకుని పొద్దున్నే బస్సెక్కాను. నా కూతురు దారి పొడుగునా నా మొహం చూడలేదు.

మీ ఉత్తరం చదివిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. వాడు దయ్యమనుకుని తాయెత్తు కట్టాను. బతికున్న మనిషి నా కాళ్ల కింద నన్ను పిలుస్తుంటే రెండో బ్లోవర్ వేశాను. ఇరవై చుట్లు చక్రం తిప్పితే ధార ఆగేది, మెట్లెక్కి వచ్చి నన్ను నాలుగు బూతులు తిట్టి ఇంటికి పోయేవాడు. మూడు రోజులు వాడికి ఆ ఇరవై చుట్లే కావాలి. మొదటి రోజు చేసింది పొరపాటు అని చెప్పుకోవచ్చు. తర్వాతి మూడు రోజులకు ఏ పేరూ లేదు.

భూలక్ష్మికి మొత్తం చెప్పాను, ఏ ముక్కా మింగలేదు. ఆమె కొడుతుందనుకున్నాను, కొట్టలేదు. ఏడవలేదు కూడా. ఏదో అడిగింది. పెదాలు చూస్తే నాకు తెలుస్తుంది.

"ఎన్ని దినాలు కొట్టిండు?"

మూడు వేళ్లు చూపించాను.

"మూడు దినాలు ఇంటికొస్తనని కొట్టిండు" అంది. అని గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆమె మొహంలో అప్పుడు కనబడింది నేను మీకు రాయలేను. దుఃఖం ఒక్కటే అయితే రాసేవాణ్ని.

నేను మాఫీ అడిగాను. కాళ్లు పట్టుకోబోయాను. ఆమె వెనక్కి జరిగింది. "గది తర్వాత. ముందుగాల లేచి నడువు" అంది. నా మణికట్టు పట్టుకుని గల్లీలోకి తీసుకుపోయింది. మొదటి గుమ్మం ముందు నిలబెట్టి, లోపలి నుంచి ముసలామెను పిలిచి, నన్ను చెప్పమంది. కనకయ్య పారిపోలేదు, గేటు నేను తెరిచాను, మూడు రోజులు పిలిచినా నేను పోలేదు అని చెప్పాను. గొంతు ఎంత పెద్దదవుతోందో నాకు తెలియదు కదా, అర్షియా చెయ్యి దించి చూపించింది. భూలక్ష్మి ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇంకా గట్టిగా చెప్పమంది.

అలా రెండో ఇంటికి, మూడో ఇంటికి. ఒకామె నా మీద ఉమ్మింది. ఒక ముసలాయన భూలక్ష్మి ముందు చేతులు జోడించాడు, ఆయన ఆమె బావగారట. ప్రతి గుమ్మంలోనూ మొత్తం చెప్పాలి, సగం చెబితే ఊరుకోదు. ఇరవై ఆరేళ్లు ఏ ఇంట్లో ఏ మాట అన్నారో ఆమెకు అన్నీ గుర్తున్నాయి. నాలుగు ఇళ్లయ్యాక నేను అలిసిపోయానని చూసింది. తెచ్చి గడప మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చింది. ఈ కాస్త విరామంలో ఇది రాస్తున్నాను.

గల్లీ అయ్యాక పోలీస్ స్టేషనుకు పోతాను. నా ఉత్తరాలన్నీ మీరు అక్కడికి తెచ్చివ్వండి. రేపు లారీలను ఆపకండి, ఇక ఆ బావిలో మనం చూడవలసింది లేదు.

ఇంకా పదకొండు ఇళ్లున్నాయి. ఆమె లేచి నిలబడింది, చెయ్యి చాపుతోంది. పోతున్నాను.

నజీరుద్దీన్.